మాయాబందర్ దాకా

ఏప్రిల్ వచ్చిందంటే పోర్ట్ బ్లెయిర్‌లో మా షాదీపూర్ పేట సగం ఖాళీ అయిపోయేది. బళ్ళు మూసేసిన మర్నాటి నుంచే ట్రంకు పెట్టెలూ పరుపుచుట్టలూ వీధిలోకొచ్చేవి. టీచర్లు, గుమాస్తాలు పెళ్ళాం పిల్లలతో జెట్టీకి చేరి ఓడెక్కితే మళ్ళీ జూన్ వానలతోనే తిరిగి రావడం. ఎవర్ని కదిపినా "మెయిన్‌లాండ్ వెళ్తున్నాం" అనే మాటే. అది వైజాగ్ కావచ్చు, రాజమండ్రి కావచ్చు, గోదావరి అవతల రైలాగని పల్లె కావచ్చు, అన్నిటికీ ఆ ఒక్క పేరే. తాళాలు పడ్డ ఇళ్ళ మధ్య ఒక్క వాటా మాత్రం ఎండాకాలమంతా తెరిచే ఉండేది. అది ఝాన్సీలక్ష్మిది.

ఆవిడ పిఠాపురం దగ్గర పుట్టింది. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అన్న సాంబశివరావు పెంచి, చదివించి, టీచరు ట్రైనింగు చేయించాడు. అండమాన్‌లో తెలుగు పిల్లలకి బడి పెట్టారు, టీచర్లు కావాలంటే దరఖాస్తు పెట్టింది. అరవై రెండులో మద్రాసులో ఓడెక్కింది. అప్పటికి ఇరవై మూడేళ్ళు. మే నెలాఖరు. రెండోరోజు సాయంత్రానికి గాలి లేచింది. ఆ రాత్రి ఓడ ఒక పక్కకి ఒరిగి, చాలాసేపు అలాగే ఉండిపోయి, ఇక లేవదేమో అనుకున్నాక లేచింది. కింది అంతస్తులో దీపాలారిపోయాయి. ఎవరిదో ఇనప్పెట్టె నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకి జారుతూ ఉంది. ఝాన్సీలక్ష్మి బంకు కాలు రెండు చేతులా కావలించుకుని, తెల్లారేదాకా కళ్ళు తెరవలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక కూడా చాలా రోజులు మంచం మీద పడుకుంటే మంచం ఊగేది.

ఆ తర్వాత ఆవిడ ఓడెక్కలేదు. పడవెక్కలేదు. అన్న ప్రతి ఏడూ ఉత్తరం రాసేవాడు, ఈసారైనా సెలవలకి రమ్మని. ఆవిడ ప్రతి ఏడూ ఒక కారణం రాసేది. ఒకసారి ట్యూషన్లు, ఒకసారి తలనొప్పి, ఒకసారి జనాభా లెక్కల పని. నిజం మాత్రం రాయలేదు. నవ్వుతారని కాదు, జాలిపడతారని. షాదీపూర్‌లో ఇల్లు వెతుక్కున్నప్పుడు కూడా కిటికీ కొండవైపున్న వాటానే చూసుకుంది. నాలుగు పక్కలా నీళ్ళున్న ఊళ్ళో నీళ్ళకి వీపు పెట్టి పన్నెండేళ్ళు బతికింది.

పక్క వాటాలోకి దేముడమ్మ కాపరానికొచ్చాక ఆ ఎండాకాలాల రంగు మారింది.

దేముడమ్మ ఈ దీవుల్లోనే పుట్టింది. వాళ్ళ తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాడు. బుద్ధెరిగిన నాటి నుంచి చేపలు కొయ్యడం, ఉప్పు పట్టించడం, ఎండబెట్టడం, తట్టలో పెట్టుకుని అమ్మడం తప్ప వేరే తెలీదు. మొగుడు గవరయ్య దీవుల మధ్య తిరిగే సర్కారీ బోటులో ఖలాసీ. వారంలో సగం రోజులు నీళ్ళ మీదే. ఇంట్లో అత్తగారు ఎరుకమ్మ, ఇద్దరు పిల్లలు. గలగలా మాట్లాడే మనిషి దేముడమ్మ. టీచరమ్మ ఒంటరిగా కూర్చుని ఉంటే తనకి తోచేది కాదు. సాయంకాలం కాగానే పీట పట్టుకుని వచ్చేసేది.

డెబ్బై నాలుగు ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గవరయ్య ఇంట్లో ఉన్నాడు. ముగ్గురూ వాకిట్లో కూర్చుని టీ తాగుతున్నారు. ఝాన్సీలక్ష్మి ఊరికే, మాటల్లో మాటగా అడిగింది.

"హావ్‌లాక్ దీవి ఎలా ఉంటుంది గవరయ్యా?"

గవరయ్య బాగా ఆలోచించి చెప్పాడు. "ఇసకుంటాది టీచరమ్మగారూ."

దేముడమ్మకి కోపం వచ్చేసింది. "ఓలమ్మా! ఇన్నేళ్ళై తిరుగుతున్నావు. ఇసకుంటాదని సెప్తావేటి? మన జంగ్లీఘాట్ కాడ నేదా ఇసక?"

"అది నల్లిసక. ఇది తెల్లగుంటాది." గవరయ్య గ్లాసు కింద పెట్టాడు. "బియ్యప్పిండి నాగుంటాది. అడుగేస్తే కిర్రుమంటాది. సెట్లు పెద్దపెద్దవి, ఒడ్డు దాకా వొచ్చీసి నీళ్ళల్లోకి వొంగి సూత్తుంటాయి. నీళ్ళేమో... ఏటని సెప్పను? పొద్దున్నొక రంగు, మద్దేన్నం ఒక రంగు."

"నువ్వు దిగి సూసావా?"

"నాకు దిగడానికి టైమేది? జెట్టీకి బోటు కట్టీడం, విప్పీడం. పై నుంచి కనిపించింది సెప్పినాను."

దేముడమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళి ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. వాకిట్లో ఒక చోట గుప్పెడు పిండి పోసింది. "ఇది హావ్‌లాకు. మరి దీని పక్కన?" గవరయ్య వేలితో చూపించాడు, ఇక్కడ నీల్, ఇక్కడ లాంగ్ ఐలాండ్, ఇలా పైకెళ్తే రంగత్, ఇంకా పైకి మాయాబందర్. దేముడమ్మ చిన్న చిన్న కుప్పలు పోసుకుంటూ వెళ్ళింది. వాకిలి చివర తులసి కుండీ దాకా దీవులు పరుచుకున్నాయి.

"ఏటమ్మా టీచరమ్మా, అందరూ సెలవలంటే మెయిన్‌లాండ్ ఎల్తారు. మనం ఇలాగ ఎల్దాం. ఒక్కోకాడ రెండు రోజులుండి, మాయాబందర్ దాకా."

"వెళ్దాం" అంది ఝాన్సీలక్ష్మి. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది.

అలా మొదలైంది. రాత్రి వాన పడి ఆ దీవులు కొట్టుకుపోయాయి. మర్నాడు సాయంత్రం మళ్ళీ పోశారు. ఆ ఏడాది, ఆ పై ఏడాది, సాయంత్రాలు అలాగే గడిచాయి. వంకాయలు తరుగుతూనో, పరీక్ష కాగితాలు దిద్దుతూనో ఇద్దరూ ఆ ఒడ్డు వెంట నడుస్తూ పోయేవాళ్ళు. ఏ చీర కట్టుకోవాలి, పులిహోర ఎన్ని పూటలు నిలవుంటుంది, ఇసకలో చాప వేసుకుంటే చీమలెక్కుతాయా. పొద్దున్నే లేచి సూర్యుణ్ణి చూడాలా, లేక పొద్దెక్కేదాకా పడుకోవాలా అన్నదాని మీద వారం రోజులు వాదించుకున్నారు. దేముడమ్మకి ఒకటే పట్టుదల, ఆ పది రోజులూ కత్తిపీట ముట్టుకోనని. ఎవరు చేప తెచ్చి ముందు పడేసినా సరే, చెయ్యి పెట్టదు. ఝాన్సీలక్ష్మికి కావలసింది ఇంకా చిన్న కోరిక. గంట మోగని చోట నిద్ర లేవాలని.

"మాయాబందరంటే మాయలుంటాయేటి టీచరమ్మా?"

"బందరంటే రేవు దేముడమ్మా. మా వైపు కూడా ఉంది, మచిలీపట్నాన్ని బందరనే అంటారు. అక్కడి లడ్డూ చాలా పేరు."

"అయితే మాయాబందర్లో కూడా లడ్డూ దొరకాల."

దొరుకుతుందని ఇద్దరూ తీర్మానించుకున్నారు. జెట్టీ దగ్గర చిన్న మిఠాయి కొట్టు, దానికి పచ్చరంగు తలుపులు, లోపల తెలుగాయన. ఎవరూ చూడని ఆ కొట్టు వాళ్ళ మాటల్లో ఏడాది పొడుగునా నిలబడి వ్యాపారం చేసుకుంది. నిద్రపట్టని రాత్రుల్లో ఝాన్సీలక్ష్మి కళ్ళు మూసుకుని ఆ ఒడ్డున నడిచేది. కిర్రుమనే ఇసక, వంగి చూసే చెట్లు. అలా నడుస్తూ నడుస్తూ నిద్రలోకి జారిపోయేది. ఆ కలల్లో నీళ్ళు ఎప్పుడూ కదిలేవి కావు.

ఒకటి మాత్రం దేముడమ్మ కనిపెట్టింది, ఆలస్యంగా. టీచరమ్మ ఎప్పుడు చెప్పినా "హావ్‌లాక్‌లో రెండు రోజులుంటాం, తర్వాత లాంగ్ ఐలాండ్‌లో ఉంటాం" అనేది. ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఎలా వెళ్తారన్నది ఆ కథలో ఎక్కడా వచ్చేది కాదు.

"టీచరమ్మా" అంది ఒకరోజు. "ఈ గుప్పెడు కాణ్ణుంచి ఈ గుప్పెడు కాడికి ఎలగెల్తాం? నడిసా?"

ఝాన్సీలక్ష్మి కాగితాలు పక్కన పెట్టింది. తర్వాత ఆ ఓడ సంగతి, ఆ రాత్రి సంగతి, జారిన ఇనప్పెట్టె సంగతి మొదటిసారిగా ఒక మనిషికి చెప్పింది. ఎందుకు మెయిన్‌లాండ్ వెళ్ళదో కూడా చెప్పింది. చెప్తూ చెప్తూ అరచేతులు చీర కొంగుకి తుడుచుకుంది.

దేముడమ్మ నవ్వలేదు. జాలిపడనూ లేదు. "మరయితే ముందల బంబూఫ్లాట్ ఎల్దాం" అంది.

చాతమ్ నుంచి బంబూఫ్లాట్‌కి రేవు దాటించే ఫెర్రీ ఉంది. ఆ ఒడ్డు ఇక్కడికే కనిపిస్తుంది. కూరగాయలవాళ్ళు, సైకిళ్ళు, మేకలు, అన్నీ ఎక్కి దిగుతూంటాయి. అవతల బస్సెక్కితే ఫెరార్‌గంజ్. అక్కడ దేముడమ్మ పిన్ని సీతాలు ఉంది, అరటితోట వేసుకుని. ఒక ఆదివారం ఇద్దరూ బయల్దేరారు. ఫెర్రీ దాకా వెళ్ళారు. టికెట్టు కొన్నారు. జెట్టీకీ ఫెర్రీకీ మధ్య అడుగు వెడల్పున నీళ్ళు పచ్చగా పైకీ కిందకీ ఊగుతున్నాయి. ఝాన్సీలక్ష్మి ఆ సందు వైపు చూసింది. కాలు లేవలేదు. వెనక నుంచి ఎవరో "చలియే దీదీ, చలియే" అంటున్నారు. ఆవిడ పక్కకి తప్పుకుని గోడకి ఆనుకుంది. ఫెర్రీ వెళ్ళిపోయింది.

దేముడమ్మ వేరుశనక్కాయలు కొనుక్కొచ్చింది. ఇద్దరూ జెట్టీ మెట్ల మీద కూర్చుని తిన్నారు. ఫెర్రీ వస్తోంది, పోతోంది.

"ఎల్లిపోదాం ఇంటికి" అంది దేముడమ్మ, పొట్లం అయిపోయాక. "ఫెరార్‌గంజ్ ఎక్కడికి పోతాది?"

వానాకాలం పోయాక మళ్ళీ వెళ్ళారు. ఈసారి ఝాన్సీలక్ష్మి కళ్ళు గట్టిగా మూసుకుని, దేముడమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కేసింది. ఒక మేక ఆవిడ చీర కుచ్చిళ్ళు నములుతున్నా కదల్లేదు. అవతలి ఒడ్డున కాలు పెట్టాక కళ్ళు తెరిచి చూస్తే కుచ్చిళ్ళలో గుప్పెడంత లేదు. ఇద్దరికీ నవ్వాగలేదు. సీతాలు ఇంట్లో భోంచేసి, అరటిపళ్ళు మోసుకుని తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఒక కన్ను తెరిచింది. సాయంత్రపు ఎండ నీళ్ళ మీద పడి, రాగి బిందె తోమి బోర్లించినట్టుంది. ఆ ఏడాది ఆవిడ ఆ రేవు చాలాసార్లు దాటింది. పనేమీ లేకపోయినా దాటింది. అరటిపళ్ళు ఇంటి నిండా మగ్గిపోతూ ఉండేవి.

డెబ్బై ఏడు ఏప్రిల్‌కి బడి మూసే ముందు రోజు హెడ్మాస్టరు గోవిందరాజులుగారు అందర్నీ పేరు పేరునా అడుగుతూ ఝాన్సీలక్ష్మి దగ్గరకొచ్చారు.

"మీరెటూ కదలరుగా అమ్మా."

"కదుల్తున్నానండీ. మాయాబందర్ దాకా."

"డ్యూటీ మీదా?"

"కాదండీ. చూడ్డానికి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడ్డానికేముందమ్మా అక్కడ? నీళ్ళేగా?"

ఇంటి దగ్గర ఎరుకమ్మ కూడా ఇంచుమించు అదే అంది. కాకపోతే గట్టిగా అంది. "పనీ పాటా నేకండా సముద్రం సూడ్డానికి సముద్రం మీద ఎల్తారేటి! ఊరోళ్ళు నవ్వుతారు." కానీ బయల్దేరే రోజు తెల్లవారుజామున లేచి పులిహోర కలిపింది ఆవిడే. పిల్లలిద్దర్నీ చెరో పక్కన కూచోబెట్టుకుని, "ఎల్లిరండి, ఎల్లిరండి" అని చెయ్యూపింది.

ఫీనిక్స్ బే జెట్టీలో గవరయ్య బోటు తెల్లగా, చిన్నగా నిలబడి ఉంది. యూనిఫాంలో ఉన్న గవరయ్య వాళ్ళని తెలియనట్టే "టికెట్ దిఖాయియే" అన్నాడు. తర్వాత నవ్వాపుకోలేక పక్కకి తిరిగాడు. ఝాన్సీలక్ష్మి కళ్ళు మూసుకోలేదు. పై డెక్కు మీద, ఇంజను గదికి ఆనుకున్న బల్ల మీద కూర్చుని రెండు చేతులా రెయిలింగ్ పట్టుకుంది. వేళ్ళు తెల్లగా అయిపోయాయి. బోటు రేవు దాటి బయటి సముద్రంలోకి వచ్చేసరికి కింద నుంచి ఒక పెద్ద నిట్టూర్పు లాంటి కదలిక మొదలైంది. ఆవిడ పళ్ళు బిగబట్టి ఎదురు చూసింది, ఆ రాత్రి వస్తుందని.

వచ్చింది మాత్రం దేముడమ్మకి. మూడు తరాల నుంచి సముద్రం మీద బతికిన ఇంటి ఆడపడుచు, చేపల వాసనలో పుట్టి పెరిగిన మనిషి, ఒక్కసారిగా మొహం పచ్చబడి, "టీచరమ్మా, నాకేటో అయిపోతన్నాది" అని రెయిలింగ్ మీదకి వాలిపోయింది. చిన్నప్పుడు తండ్రి తెడ్డు పడవ, ఈ రేవు దాటించే ఫెర్రీ తప్ప బయటి సముద్రం మీదకి ఎన్నడూ రాలేదని అప్పుడు బయటపెట్టింది. ఝాన్సీలక్ష్మి రెయిలింగ్ వదిలేసింది. దేముడమ్మ తల పట్టుకుంది, నీళ్ళు పుక్కిలింపజేసింది, నిమ్మకాయ వాసన చూపించింది, కొంగు తడిపి మెడ మీద వేసింది. నీళ్ళు తేవడానికి ఊగే డెక్కు మీద నుంచి కిందికి నాలుగుసార్లు దిగి ఎక్కింది. చివరికి దేముడమ్మ టీచరమ్మ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయాక, తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తూ కూర్చున్నప్పుడు ఆవిడకి తట్టింది, తను ఇంతసేపు దేన్నీ పట్టుకోలేదని.

నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. ఎగిరే చేపలు గుంపుగా లేచి, కాసేపు గాలిలో మెరిసి, మళ్ళీ ఎక్కడో కుట్టు వేసినట్టు నీళ్ళలో దిగిపోతున్నాయి. దూరాన దీవులు ఒకదాని వెనక ఒకటి, ముందుది పచ్చగా, దాని వెనకది నీలంగా, ఆ వెనకది పొగలాగా. ఒళ్ళంతా వెచ్చగా, బరువుగా, హాయిగా అయిపోయింది. ఎన్నాళ్ళుగానో బిగించి పట్టుకున్నదేదో ఒక్కో వేలూ విప్పుకుంటూ పోయింది.

హావ్‌లాక్‌లో వాళ్ళకి గది లేదు, హోటలు లేదు. అక్కడికి సెలవలకి వచ్చేవాళ్ళే లేరు. గవరయ్యకి తెలిసిన ఒక బెంగాలీ కుటుంబం ఇంట్లో దిగారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ వదిలి వచ్చి, అడవి కొట్టి వరి వేసుకున్న వాళ్ళు. ఆ ఇంటి కమలా దీదీ ఆవపిండి వేసి చేపల పులుసు పెట్టింది. చేపలు కొయ్యడానికి ఆవిడ కూర్చోగానే దేముడమ్మ చేతులు వాటంతటవే ముందుకి సాగాయి. ఝాన్సీలక్ష్మి కళ్ళెర్రజేసింది. దేముడమ్మ చేతులు చంకల్లో పెట్టుకుని వసారాలోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఒక లారీ పట్టుకుని, తర్వాత పొలాల గట్ల మీద నడిచి, పడమటి ఒడ్డుకి చేరారు. చెట్ల నీడ ఒక్కసారిగా ఆగిపోయి వెలుతురు మొదలైంది. ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు. గవరయ్య చెప్పింది అక్షరాలా నిజం. ఇసక తెల్లగా ఉంది. అడుగేస్తే కిర్రుమంది. ఒడ్డు వంపు తిరుగుతూ ఎక్కడికో వెళ్ళిపోయింది, దాని మీద ఒక్క మనిషి అడుగు లేదు. అలలు వస్తున్నాయి గానీ ఎవరినీ నిద్రలేపకూడదన్నట్టు వస్తున్నాయి.

దేముడమ్మ చాప పరిచి కూర్చుంది. కాసేపటికి పడుకుంది. చాలాసేపటికి అంది, "సముద్రం కాడికొచ్చి ఒట్టి సేతుల్తో కూకోడం ఇదే మొదలు టీచరమ్మా. మా యమ్మకి కూడా ఇది తెల్దు. మా అమ్మమ్మకీ తెల్దు."

ఝాన్సీలక్ష్మి చెప్పులు విప్పేసి నీళ్ళ దాకా నడిచింది. చీలమండల దాకా, తర్వాత మోకాళ్ళ దాకా. అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసకని మెల్లగా తవ్వుకుపోతూ ఉంటే, నేల కొంచెం కొంచెంగా కుంగుతూ ఉంటే, ఆవిడ కదలకుండా నిలబడింది. పొద్దువాలి నీళ్ళు గులాబీ రంగుకి తిరిగేదాకా నిలబడింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉప్పుతో బిరుసెక్కింది. ఆ చీర చాలా రోజులు ఉతకలేదు.

మళ్ళీ బోటు వచ్చింది. లాంగ్ ఐలాండ్‌లో ఒక పూట, రంగత్‌లో రెండు రోజులు. దేముడమ్మకి కడుపులో తిప్పడం తగ్గింది, నోరు తిరిగొచ్చింది. బోటు మీద అందరితోనూ స్నేహం చేసుకుంది. పోలీసు భయ్యా, రాంచీ కూలీలు, కోళ్ళగంప పట్టుకున్న మలయాళీ ముసలావిడ, అందరికీ "మేం ఘూమ్‌నే కే లియే వచ్చాం" అని, ఊరికే తిరిగి చూడ్డానికేనని చెప్పింది. వాళ్ళు నమ్మలేదు. ఎవరో చుట్టం చచ్చిపోయి ఉంటాడని, పైకి చెప్పడం లేదని అనుకున్నారు.

మాయాబందర్ రెండు నీళ్ళ మధ్య సన్నటి మిట్ట మీద నిలబడ్డ ఊరు. జెట్టీ, పైన నాలుగు ఆఫీసులు, ఒక బడి, ఒక బజారు. మిఠాయి కొట్టు లేదు. పచ్చ తలుపులూ లేవు. దేముడమ్మ బజారంతా రెండుసార్లు తిరిగి చూసి, "మరేం పరవానేదు" అని బిస్కట్లు కొంది. దేముడమ్మ అక్క అసిరమ్మ ఈమధ్యే అక్కడికి మారింది. ఆవిడ మొగుడి పేరు పెద్దబ్బాయి, కొబ్బరి తోట చూసుకుంటాడు. వాళ్ళ ఇల్లు మిట్ట కొనకి ఉంది. వసారాలో కూర్చుంటే తూర్పున ఒక సముద్రం, పడమట ఒక కడలి పాయ. రెండు వైపుల నుంచీ గాలి వచ్చి వసారాలో కలుసుకునేది. అక్కాచెల్లెళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే ఝాన్సీలక్ష్మి ఆ గాలిలో వాలుకుర్చీలో పడుకుని, పుస్తకం తెరిచి పెట్టుకుని, ఒక్క పేజీ తిప్పకుండా రోజులు గడిపింది.

ఒక తెల్లవారుజామున పెద్దబ్బాయి వాళ్ళని కర్మాటాంగ్ ఒడ్డుకి తీసుకెళ్ళాడు. తాబేళ్ళు అక్కడ గుడ్లు పెడతాయి. వెలుగు రేకలు విచ్చుతుండగా ఇసకలో ఒక చోట కదిలింది. చిన్న తల, దాని పక్కన ఇంకో తల. చూస్తుండగానే అరచేతిలో పట్టేటంత పిల్లలు ఇసకలోంచి పొంగినట్టు బయటికొచ్చి, ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళ వైపు పాకడం మొదలెట్టాయి.

"ఏటి తొందరో వీటికి!" అంది దేముడమ్మ. "అమ్మ నేదు, అయ్య నేదు, దారెవుడు సెప్పినాడో."

ఒకటి ఝాన్సీలక్ష్మి అడుగు గుంటలో పడి, గోడెక్కలేక కాళ్ళు కొట్టుకుంటూంది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని వేలితో గుంట అంచు చదును చేసింది. అది ఎక్కి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పరుగెత్తింది. అల వచ్చి దాన్ని ఎత్తుకుపోయింది. ఆవిడ దాని వెనకే నీళ్ళలోకి నడుచుకుంటూ వెళ్ళి, ఇక కనిపించదని తెలిశాక కూడా అటే చూస్తూ నిలబడింది. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు పెద్దబ్బాయిని అడిగింది, ఇక్కడి బడిలో టీచర్లు ఎంతమంది ఉన్నారని.

"ఉండరమ్మా. వొచ్చినోళ్ళు వొచ్చినట్టే ట్రాన్స్‌ఫర్ ఎట్టుకుని పోర్ట్ బ్లెయిర్ ఎల్లిపోతారు."

సెలవలయ్యాక గోవిందరాజులుగారి ముందు కాగితం పెడితే ఆయన మళ్ళీ కళ్ళజోడు తీశారు. "అందరూ అక్కణ్ణుంచి రావడానికి కాళ్ళావేళ్ళా పడుతుంటే మీరు వెళ్తానంటారేమిటమ్మా? మీకెవరైనా ఏమైనా అన్నారా?" ఎవరూ ఏమీ అనలేదని ఆవిడ చెప్పింది. ఆయన నమ్మలేదు గానీ సంతకం పెట్టారు. అలాంటి దరఖాస్తుకి అడ్డు చెప్పేవాళ్ళు ఎక్కడా లేకపోయారు. పని చకచకా అయిపోయింది.

అడ్డు చెప్పింది దేముడమ్మ ఒక్కతే. "ఇద్దరం కలిసి అనుకున్నాం. ఇద్దరం కలిసి ఎల్లొచ్చాం. ఇప్పుడు నువ్వొక్కదానివే ఉండిపోతావేటి?" అని మొదటిసారి "నువ్వు" అనేసింది. తర్వాత చాలా రోజులు వాకిట్లోకి రాలేదు. ఝాన్సీలక్ష్మి గోడవతల ఆవిడ గొంతు వింటూ సామాను సర్దుకుంది. బయల్దేరే రోజు పొద్దున్నే దేముడమ్మ ఎండురొయ్యల పొడి సీసా పట్టుకుని జెట్టీకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏప్రిల్‌కి వొత్తాను. వొచ్చినప్పుడు కత్తిపీట ముట్టుకోను, ముందే సెప్తన్నాను."

"ముట్టుకోకు. రా, చాలు" అంది ఝాన్సీలక్ష్మి.

ఆవిడ మాయాబందర్‌లోనే ఉండిపోయింది. బర్మా నుంచి వచ్చిన కరెన్ పిల్లలకి, బెంగాలీ పిల్లలకి, రాంచీ పిల్లలకి హిందీలో లెక్కలు చెప్పింది. తెలుగు మాట్లాడడమే గానీ రాయడం రాని అసిరమ్మ పిల్లల్నీ, ఆ చుట్టుపక్కల వాళ్ళనీ సాయంత్రాలు వసారాలో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. ఎనభై మూడులో వైజాగ్ ఓడెక్కింది. ఆ ప్రయాణమంతా డెక్కు మీదే ఉంది. రేవులో నిలబడ్డ సాంబశివరావు తల పూర్తిగా నెరిసిపోయింది. చెల్లెల్ని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. ఆ రోజు ఇంటికెళ్ళాక ఆవిడ ఆ మే నెల ఓడ సంగతి అన్నకి చెప్పింది. ఆయన విని, "ఇంతేనా! నా మీద కోపమనుకున్నానే ఇన్నాళ్ళూ" అని కండువాతో మొహం కప్పుకున్నాడు. నెల రోజులుండి వచ్చేసింది. వదినగారు ఇంకొన్నాళ్ళుండమంటే, "నహీ వదినా, బోటు టైమైపోతుంది" అందిట. ఆ ఇంట్లో చాలా కాలం అది చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

రిటైరయ్యాక కూడా ఆ మిట్ట మీదే చిన్న ఇల్లు అద్దెకి తీసుకుంది. అప్పటికి దీవులకి విహారానికొచ్చేవాళ్ళు మొదలయ్యారు. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాదు నుంచి కొత్తగా పెళ్ళైన జంట ఒకటి, తెలుగు మాట వినిపించిందని ఆవిడ గుమ్మం దగ్గర ఆగారు. బస్సుకి గంట టైముందని, ఈలోగా ఇక్కడ చూడాల్సినవేంటో చెప్పమని అడిగారు. దేముడమ్మ కూడా అక్కడే ఉంది, చాప మీద కాళ్ళు చాపుకుని.

"రెండు రోజుల్లో ఎన్ని బీచ్‌లు కవర్ చెయ్యొచ్చు ఆంటీ?" అన్నాడు అబ్బాయి.

"ముందు కూర్చోండి" అంది ఝాన్సీలక్ష్మి. "టీ పెడతాను."

టీ అయింది. ఏ ఒడ్డున ఏ వేళకి ఎండ ఎలా పడుతుందో ఆవిడ చెప్పడం మొదలెట్టింది. ఎక్కడ చాప వేసుకోవాలో, ఎక్కడ వేసుకోకూడదో దేముడమ్మ మధ్యలో అందుకుంది. పొద్దున్నే లేవాలా వద్దా అన్నదాని మీద ఇద్దరికీ పడింది. ఆ పెళ్ళికూతురు గోడకి ఆనుకుని, గాలికి కళ్ళు అరమూసి వింటూ ఉండిపోయింది. మిట్ట కింద బస్సు హారన్ రెండుసార్లు కొట్టింది. ఎవరూ లేవలేదు. బస్సు వెళ్ళిపోయిన చప్పుడు విని అబ్బాయి కంగారుగా వాచీ చూసుకున్నాడు.

"రేపుంది లెండి" అంది ఝాన్సీలక్ష్మి. "చెప్పులు వేసుకోండి, కర్మాటాంగ్ వెళ్దాం."